నాది కాదన్న చలిమిడి బుట్ట

మా అక్క సుందరమ్మకు పెళ్ళయిన ఏడేళ్ళకు కడుపు పండింది. ఐదో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి పట్టుకెళ్ళి ఒళ్ళో పెట్టాలి. ఆ చలిమిడి తింటే కడుపు చల్లగా ఉంటుందని మావైపు ఆడవాళ్ళ నమ్మకం. తేకపోతే ఆ పిల్లకు వెనకాల ఎవరూ లేరని వీధంతా అనుకుంటుంది. ఏడేళ్ళుగా ఏదో ఒక మాట పడుతూనే ఉన్న మనిషి అక్క. ఉగాది నాడు ముత్తైదువలను పిలుస్తున్నామని, ఆ పొద్దుటికి చలిమిడి అందేలా చూడమని పాలకొల్లు నుంచి అక్క అత్తగారు ఉత్తరం రాయించారు. మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు, అమ్మకు ఆయన్ను వదిలి గడప దాటే వీలు లేదు. ఇక మిగిలింది నేను. రాజమండ్రి కచేరీలో గుమాస్తాగా చేరి అప్పటికి రెండు నెలలు. కొత్త కోటు, కొత్త తలపాగా. కాళ్ళు నేలమీద ఆనని రోజులవి.

అమ్మ రెండు రోజులు ఆ పనిమీదే ఉంది. బియ్యం నానబోసి, తనే దంచి, జల్లించి, కొత్త బెల్లం పాకం పట్టింది. మధ్యమధ్య నాన్నగారికి మందు పోసి వచ్చేది. నెయ్యి, ఏలకులు, కొబ్బరిముక్కలు, గసగసాలు, దేనికీ లోటు చెయ్యలేదు. ఇత్తడి గిన్నెకు మూతపెట్టి, తన పాత నేతచీర చింపి మూట కట్టి, తాటాకు బుట్టలో దించింది. ఆ రంగు వెలిసిన చీరముక్క చూసి నాకు మొహం చిట్లింది. తెల్లటి తుండు కట్టవచ్చు కదా అన్నాను. "మెత్తటి గుడ్డయితే ముడి బాగా బిగుస్తుందిరా," అంది అమ్మ. తెల్లవారుతుండగా నాన్నగారిని పక్కింటావిడకు అప్పజెప్పి కోటిలింగాల రేవు దాకా వచ్చింది. పడవ సరంగు పోలయ్యకు బుట్ట చూపించి, "కడుపుతో ఉన్న పిల్లకి పంపుతున్నానయ్యా, కాస్త ఎండ తగలకుండా చూడు," అని చెప్పింది. అక్క పేరూ, అత్తవారి వీధీ కూడా చెప్పింది. నాకేమీ పట్టనట్టు నది వైపు చూస్తూ నిలబడ్డాను.

ఈ దారిన వెళ్ళదలచినవారు తెల్లవారకముందే రేవులో ఉండడం మంచిది. పాలకొల్లుకు పడవ కేవు మనిషికి ఆరణాలు, పిల్లలకు సగం. పొద్దెక్కేసరికి దవళేశ్వరం చేరి, ఆనకట్టకు ఎగువన గోదావరి దాటి, అవతలి ఒడ్డున విజ్జేశ్వరం లాకుకు వెళతారు. అక్కడ తలుపులు మూసి నీటిమట్టం దించేదాకా పడవ ఆగుతుంది. వరసలో పడవలు ఎక్కువగా ఉంటే రెండు గంటలు పడుతుంది. ఆ సమయంలో గట్టుమీద వంట చేసుకోవచ్చు. కట్టెలు, కుండలు అమ్మే ముసలమ్మ ఒకావిడ ఉంది, వంకాయలు కూడా ఆవిడే ఇస్తుంది. "పెసరపప్పు వెయ్యి నాయనా, తొందరగా ఉడుకుద్ది. లాకు తీసేత్తే పడవోళ్ళు నీ కోసం ఆగరు," అని ఆవిడ చెప్పిన మాట నిజమే. లాకు దాటాక కాలవ దిగువకు లాగుతుంది కనుక ప్రయాణం హాయిగా ఉంటుంది. రెండువైపులా మినుము పీకేసిన చేలు, గట్టు పొడుగునా పూతమీదున్న వేపచెట్లు. రాత్రి పడవలోనే నిద్ర, ఉదయం ఎనిమిదింటికి పాలకొల్లు.

విజ్జేశ్వరంలో మా కచేరీలో నా పైఅధికారి శిరస్తాదారుగారు పడవెక్కారు. పండుగకు పాలకొల్లులో బంధువుల ఇంటికట. నేను లేచి నిలబడి, నా చోటు ఆయనకిచ్చి, ఆయన అడక్కుండానే నా దగ్గరున్న ఇంగ్లీషు పత్రిక పైకి చదివి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన తల ఊపుతుంటే నాకు ఆకాశం రెండు మూరల దూరంలో ఉన్నట్టు అనిపించింది. ఇంతలో ఆయన కాలిమీద చీమ కుట్టింది.

"ఎవరిదయ్యా ఈ బుట్ట? చీమలు పట్టాయి," అన్నారు శిరస్తాదారుగారు.

పక్కనున్న బెల్లం వర్తకుడు వంగి వాసన చూసి, "చలిమిడండి. ఎవరో ఆడవాళ్ళదై ఉంటుంది," అన్నాడు.

"మగాడు చలిమిడి మొయ్యడం నేనింతవరకు చూళ్ళేదు," అని నవ్వి శిరస్తాదారుగారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, కొంపదీసి నీదా ఏంటి?"

ఆయనది ఉత్త వేళాకోళం. అవునండీ, మా అక్కకు అని ఉంటే ఒక నవ్వుతో పోయేది.

"నాది కాదండి," అన్నాను.

వెనక గడ పట్టుకుని నిలబడ్డ పోలయ్య నన్నొకసారి చూశాడు. వచ్చి బుట్ట ఎత్తి, చీమలు దులిపి, తనవాళ్ళు కూర్చునే చోట నీడలో పెట్టాడు. పాలకొల్లులో దిగేటప్పుడు చప్పుడు లేకుండా తీసుకోవచ్చులే అనుకుని మళ్ళీ పత్రిక తీశాను. రాత్రి మాత్రం నిద్ర సరిగా పట్టలేదు.

పాలకొల్లు రేవులో శిరస్తాదారుగారికి బండి సిద్ధంగా ఉంది. "నువ్వూ రావయ్యా, మీ వాళ్ళ వీధిలో దింపుతాను," అన్నారు. ఆయన పక్కన బండిలో కూర్చుని ఊళ్ళోకి వెళ్ళడమంటే మాటలా? పోలయ్య బుట్ట చేత్తో పట్టుకుని రేవు మెట్టుమీద నిలబడ్డాడు. చూశాను. తల తిప్పుకుని బండెక్కాను. వీధి మొదట్లో దిగి, బండి మలుపు తిరగగానే పరుగెత్తుకుంటూ రేవుకు వచ్చాను. పడవ నరసాపురం వెళ్ళిపోయింది.

అక్క వీధరుగు మీదే ఉంది. పసుపురాసిన కాళ్ళు, తలలో మల్లెలు. నా మొహం చూసి నవ్వి, ఆ తరవాత నా చేతులు చూసింది. లోపల పది మంది ముత్తైదువలు పీటలమీద కూర్చుని ఉన్నారు.

"చలిమిడేదిరా?" అంది మెల్లగా.

దారిలో పోయిందని చెప్పినా కొంత నయమే. అదీ చెప్పలేకపోయాను. ఎలా పోయిందని అడుగుతారు కదా. "అమ్మకు కుదరలేదక్కా. నాన్నగారికి ఒంట్లో మరీ..." అని నసిగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. పడవలో బుట్టను కాదన్నాను, ఇక్కడ ఆ బుట్ట కట్టిన మనిషినే తప్పుచేసినదాన్ని చేశాను.

అక్క అత్తగారు మంచి మనిషి. "పోనీలే నాయనా. మంచాన పడ్డ మనిషిని పెట్టుకుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది," అన్నారు. పీటమీద ఉన్న ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఉగాది పచ్చడి పంచి, బొట్టు పెట్టి అందరినీ పంపించేశారు. అక్క అందరికీ నవ్వుతూనే తాంబూలాలిచ్చింది. భోజనంలో బూరెలు వడ్డించింది, మామిడికాయ పులిహోర మారు వడ్డించింది. ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక వీధిలో ఎవరో పిలిచారు. పోలయ్య. నరసాపురంలో పడవ కట్టేసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలవగట్టు వెంబడి నడిచి వచ్చాడు. బుట్ట తలమీద ఉంది, దానిమీద తడిగుడ్డ కప్పి ఉంది.

"సుందరమ్మగారిల్లు ఇదేనాండీ? రాజమండ్రి నించి మీ అమ్మగారు చలిమిడి పంపారండి. ముడి ఇప్పలేదండి, అమ్మగారు కట్టినట్టే ఉంది," అన్నాడు. నన్ను చూసి, "పండగ రద్దీలో బాబుగారు మర్చిపోయారండి," అన్నాడు.

అక్క అత్తగారు నా వైపు చూశారు. పొద్దున నేనన్న మాట ఆవిడ మరిచిపోయే మనిషి కాదు. అక్క బుట్టలోంచి గిన్నె తీసి, ఆ వెలిసిన చీరముక్కను రెండు చేతులతో తడిమి, మొహానికి ఆనించుకుంది. ఆ తరవాత తలెత్తి, "చూశారా అత్తయ్యగారూ, నన్ను ఏడిపించడానికి మా తమ్ముడు ఎలాంటి వేళాకోళం ఆడాడో," అని నవ్వింది. "రండి, పొద్దున వచ్చినవాళ్ళందర్నీ మళ్ళీ పిలుద్దాం."

మళ్ళీ పిలిచారు. అత్తగారు అక్క ఒళ్ళో చలిమిడి పెట్టారు. పోలయ్యకు ఏమన్నా ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అక్క ఆకులో పెట్టిచ్చిన చలిమిడి మాత్రం కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. వీధి మలుపు దాకా అతని వెంట వెళ్ళాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. "ఎండగా ఉందండి, లోపలికెళ్ళండి బాబూ," అన్నాడు. నా వయసు కొడుకులున్న మనిషి నన్ను అండీ అని పిలుస్తుంటే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

మర్నాడు బయలుదేరేముందు పెరట్లో అక్కకు ఉన్నదంతా చెప్పేశాను. "నేను పొద్దున అమ్మను తిట్టుకున్నానురా, మనసులో. ఏడేళ్ళకి ఒక్కసారి కూడా కుదరలేదా అని," అంది. నేను ఏడ్చాను. అక్క కళ్ళు తుడుచుకుని, "అమ్మకు మాత్రం ఈ సంగతి ఎప్పుడూ చెప్పకు. ఒట్టు," అంది. ఒట్టు పెట్టాను.

తిరుగు ప్రయాణంలో ఎదురు నీటికి మనుషులు తాడుతో పడవ లాగాలి కనుక ఒక పూట ఎక్కువ పడుతుంది. వెళ్ళదలచినవారికి నేను చెప్పగల సలహా ఒకటే: చైత్రంలోనే వెళ్ళి రండి, ఎండలు ముదిరాక మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. ఇంతకు మించి ఆ దారి గురించి సలహాలు చెప్పే అర్హత నాకు లేదు. పెద్ద తప్పులు చేసేవాళ్ళు వేరే ఉంటారని అనుకునేవాణ్ణి. ఎవరూ బలవంతం చెయ్యకుండా, ఒక నవ్వుకు జడిసి, రెండు ముక్కల్లో నేను కన్నతల్లిని కాదనుకున్నాను. దానికి నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ శిక్ష అయింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ నా కాళ్ళకు నీళ్ళిస్తూనే అడిగింది, "తిందా?"

"తిందమ్మా. అందరికీ పంచింది."

అమ్మ మొహం విచ్చుకుంది. లోపలికి వెళ్ళి గిన్నెలో ఆముదం వెచ్చచేసి తెచ్చి నా వెనక కూర్చుంది. "అంత బరువు ఎప్పుడు మోశావు గనక. లాగేసి ఉంటుంది. ఏ భుజంరా?"

కుడి భుజం చూపించాను.