మా ఆయన నీళ్ళలో కొట్టిన దెబ్బ

మగవాడంటే ఎవరని అడిగితే మా అత్త వలను చూపించేది. విసిరిన వల గాలిలో విచ్చుకుని నీళ్ళ మీద గుండ్రంగా పడాలి. కోడిగుడ్డులా సాగిందంటే, "గిదేంది, ఆడపిల్ల ముగ్గేసినట్టున్నది" అనేది. ఆడపిల్లలు వేసే ముగ్గు గుండ్రంగానే ఉంటుంది కదా అని నాకనిపించేది. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

మాది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువును నమ్ముకున్న ఇల్లు. మగవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, ఆడవాళ్ళం గంపలకెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాళ్ళం. నేను తుర్కయాంజాల్ దాకా నడిచి వెళ్ళేదాన్ని. మామ నా పెళ్ళికి ముందే పోయాడు. ఇంట్లో అత్త, మా ఆయన, మరిది, నేను, చంకలో ఆడపిల్ల. మా ఆయన వల విసిరితే కట్ట మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూసేవారు. మరిదికి వల అంత బాగా రాదు గాని, మాటలో, కొట్లాటలో ముందుండేవాడు. అందుకే అత్తకు ఇద్దరూ ముద్దే. ఒకడికి చెయ్యి ఉంది, ఒకడికి రోషం ఉంది అని మురిసేది.

అవి పగలు నిజాం రజాకార్లు, రాత్రి వాళ్ళతో పోరాడే దళం వాళ్ళు తిరిగే రోజులు. దళం వాళ్ళు వస్తే మా ఆయన తెప్ప మీద అవతలి ఒడ్డుకు దాటించేవాడు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కోటలాంటి గడిలో ఉండే దొరకు ఎవరో ఆ మాట చేరవేశారు.

నేను రోట్లో మిరపకాయలు దంచుతున్నాను. పొద్దెక్కుతోంది. గడి జవాను తలుపు తన్నుకుని లోపలికి వచ్చాడు. వెనక తుపాకులతో రజాకార్లు. ఈ జవాను మాకు కొత్తవాడు కాదు. దొర పేరు చెప్పి మా గంపల్లోంచి మంచి చేపలన్నీ ఏరుకుపోయేది అతనే. వాళ్ళను చూడగానే మరిది పెరటి గోడ దూకి పారిపోయాడు. మా ఆయన మాత్రం వల బాగుచేసుకుంటూ దొరికిపోయాడు.

"బోల్ రే, ఎవర్ని దాటించినవ్?" అన్నాడు జవాను.

"చేపలను దాటించిన సాబ్. చెరువుల నుంచి గంపలకు."

ఆ మాటకు ఇద్దరు రజాకార్లు నవ్వారు కూడా. జవాను నవ్వలేదు. మా ఆయనను జుట్టు పట్టి ఈడ్చి, కుడి చెయ్యి రోటి అంచు మీద పెట్టించాడు. నా చేతిలోని రోకలి లాక్కున్నాడు. అడ్డం పోయిన అత్తను తుపాకీ మడమతో పొట్టలో పొడిచారు. మొదటి దెబ్బకు వేళ్ళు చితికాయి. "పేర్లు చెప్పు" అన్నాడు. మా ఆయన అరిచాడు గాని పేరు చెప్పలేదు. మళ్ళీ కొట్టాడు. ఎముక విరిగితే ఎండుకట్టె విరిగినట్టు చప్పుడవుతుందనుకునేదాన్ని, అలా కాదు, తడి చప్పుడు. రోకలికంటిన కారమంతా ఆ గాయంలోకి పోయింది. నొప్పికంటే ఆ మంటకే ఆయన స్పృహ తప్పాడు. పోతూ పోతూ ఇంటి కప్పుకు నిప్పు పెట్టారు. నేను పిల్లను ఎత్తుకున్నాను, అత్త కొడుకును కాళ్ళు పట్టి బయటకు లాగింది. వలలన్నీ కాలిపోయాయి.

విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు వచ్చి వెదురుబద్దలు పెట్టి, గుడ్డు సొన పట్టించి కట్టాడు. కట్టు విప్పాక చూస్తే వేళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని కొయ్యలా ఉన్నాయి. ఇక వల పట్టే చెయ్యి కాదది. తిరిగొచ్చిన మరిది ఇంటికి మళ్ళీ కప్పు వేసి, అప్పు తెచ్చిన నూలుతో కొత్త వల అల్లుకుని చెరువుకు పోయేవాడు. మా ఆయన ఇంట్లో ఉండి చేపలు తోమేవాడు, ఎడమచేత్తో పిల్లకు నీళ్ళు పోసేవాడు, పొయ్యి రాజేసేవాడు. నాకు సాయంగానే ఉండేది. అత్తకు మాత్రం కడుపు మండిపోయేది.

"నీకు మీసమెందుకురా? నాకియ్యి, నేను పెట్టుకుంట" అనేది.

"పెట్టుకో అవ్వా. నీకే బాగుంటది" అనేవాడు ఆయన తల్లితో.

"చెయ్యి ఇరగ్గొట్టినోన్ని ఒక్క మాటన్న అనకపోతివి. రోషం లేదారా నీకు?"

ఆయన వంగి పొయ్యిలో పుల్లలు సర్దేవాడు. గోడ దూకి పోయిన మరిదిని ఆమె ఏమీ అనలేదు. అతనే అందరికంటే ఎక్కువగా, ఆ జవాను దొరకనీ నరుకుతా, నరుకుతా అంటూ గొడ్డలి నూరేవాడు.

వానాకాలం పోయే ముందు యూనియన్ మిలట్రీ వచ్చింది. రజాకార్లు లొంగిపోయారన్నారు. దొర అంతకు ముందే సామాను బండ్లకెత్తించి పట్నం పోయాడు. గడి కాపలాకు జవాను ఒక్కడే మిగిలాడు. ఇన్నాళ్ళూ దెబ్బలు తిన్న జనం కర్రలు పట్టారు. కొట్టాల్సిన వాళ్ళు దొరికితే కొట్టారు, దొరకకపోతే దొరికినవాళ్ళను కొట్టారు. దూది ఏకే ముసలాయన ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాటనలేదు, ఆయన గుడిసె తగలబెట్టారు. ఒక మనిషిని కాళ్ళకు తాడు కట్టి బాట మీద ఈడ్చుకుపోవడం చూశాను. తల రాళ్ళకు తగిలి ఎగిరెగిరి పడుతోంది. పిల్ల చూడకుండా కొంగు కప్పాను. నేను మాత్రం చూశాను.

ఒకరోజు మధ్యాహ్నం జనం గడి తలుపులు బద్దలుకొట్టారు. జవాను వెనకవైపు నుంచి బయటపడి చెరువులోకి పరుగెత్తాడు. అక్కడే అతను తప్పు చేశాడు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే చెరువు లోపల పుచ్చ తోటలు వేస్తారు. వాటి మధ్య నుంచి బండ్ల బాట ఉంటుంది. దొర భాగం పుచ్చకాయల కోసం అతను ఆ బాటన గుర్రం మీద తిరిగినవాడే. నీళ్ళ కింద అదే బాట ఉందని, మొలలోతులో నడిచి అవతలికి పోవచ్చని అనుకున్నాడు. కాని ఆ యేడు రైతులు పొలాలకు ఒండ్రుమట్టి కోసం బాట పక్కనే పెద్ద గుంత తవ్వారు. సరిగ్గా అందులో పడ్డాడు. ఈత రాదు. మునుగుతున్నాడు, తేలుతున్నాడు.

కట్ట నిండా జనం. రాళ్ళు విసిరితే అంత దూరం పోవడం లేదు. వాళ్ళంతా సేద్యం చేసుకునేవాళ్ళు, ఎవరికీ ఈత రాదు. మమ్మల్ని కేకేశారు. మేమంతా పరుగెత్తుకుంటూ పోయాం. మరిది చేతిలో గొడ్డలి.

"నీ చెయ్యి ఇరగ్గొట్టినోడు గాడున్నడు. మొగోనివైతే గుంజుకరా! మిగిలింది మేం చూసుకుంటం" అన్నాడు ఒక రైతు మా ఆయనతో.

మరిది నీళ్ళలోకి దిగబోయాడు. మా ఆయన అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

"దెబ్బ తిన్నది నేను. నువ్వాగు."

కట్టంతా ఈలలు వేసింది. అత్త మొహం చూడాలి ఆ క్షణాన, పెళ్ళికొడుకును చూసినట్టు చూసింది కొడుకును. నీళ్ళలో తేలడానికి మేము వాడే ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని, చచ్చుచేతిని పక్కకు వేలాడేసి, ఒంటిచేత్తో ఈదుకుంటూ పోయాడు ఆయన.

దగ్గరికి చేరగానే జవాను "అన్నా! అన్నా!" అంటూ ఆయన మెడకు చుట్టుకోబోయాడు. మా ఆయన మోచెయ్యి ఎత్తి అతని మొహం మీద కొట్టాడు. ముక్కు పగిలి నెత్తురు చిమ్మడం కట్ట మీదికి కనిపించింది. మళ్ళీ కొట్టాడు. జనం ఎగిరి గంతులేశారు. "మొగోడంటే గట్లుండాలె!" అని ఎవరో అరిచారు. జవాను ఒళ్ళు వదిలేశాడు. మా ఆయన అతని వెనక్కి పోయి జుట్టు పట్టుకున్నాడు.

నేను పిల్లను చంకకు అదుముకున్నాను. చెరువు ఇళ్ళలో పుట్టిన వాళ్ళకు అదేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మునిగేవాడు చేతికందిన దాన్ని వదలడు. మెడ పట్టాడంటే ఇద్దరూ పోతారు. కాపాడాలంటే ముందు మొహం మీద కొట్టి, ఒళ్ళు వదిలించి, వెనక నుంచి జుట్టు పట్టి లాగాలి. చంపాలనుకున్నవాడు నీళ్ళలో కొట్టాల్సిన పనే లేదు, ఊరికే చూస్తూ ఉంటే చాలు.

అత్త నా మణికట్టు పట్టుకుంది. గాజు విరిగేంత గట్టిగా. ఆమెకూ అర్థమైంది. కొడుకు చేస్తున్న పని ఏమిటో ఆ కట్ట మీద తెలిసింది మా ముగ్గురికే. మరిది తల్లి వైపు తిరిగాడు.

"అవ్వా, అన్న వాన్ని..."

"నోరు మూయ్" అంది అత్త పళ్ళ మధ్య నుంచి. తర్వాత నన్ను వదిలి, కట్ట అంచుకు పోయి, రెండు చేతులూ ఎత్తి అందరికంటే పెద్దగా అరవడం మొదలుపెట్టింది. "కొట్టురా కొడుకా! ఇంక కొట్టు! నీళ్లు తాపియ్యి వానికి!"

జనం ఆమెతో గొంతు కలిపారు. మా ఆయన కాళ్ళతో నీళ్ళు తన్నుకుంటూ మెల్లగా, మెల్లగా అవతలి ఒడ్డు వైపు పోతున్నాడు. ఇందాకటి రైతు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"గదేందే, గటు వోతుండు?"

"గాలికి కొట్టుకపోతుండు పటేలా! ఒంటి చెయ్యి గదా! జర ఆగు, మలుపుకొస్తడు" అంది అత్త. "కొట్టురా!" అని మళ్ళీ అరిచింది.

అలా జనాన్ని ఎంతసేపు నిలబెట్టిందో. చివరికి అవతల ఇద్దరు మనుషులు ఒడ్డెక్కడం, వారిలో ఒకడు లేచి తుమ్మచెట్లలోకి పరుగెత్తడం అందరికీ కనిపించింది. కొందరు కట్ట వెంట ఉరికారు గాని, అలుగు జోరుగా పారుతోంది, దాటలేకపోయారు. వెనక్కి వచ్చి మా మీద పడ్డారు.

అత్తను జుట్టు పట్టి కింద పడేశారు. "మోసం జేస్తివి గదనే ముసల్దానా!" అంటూ ఒకడు కర్రతో తల పగలగొట్టాడు. నేను పిల్లను పొట్టకింద దాచుకుని పడుకున్నాను, వీపు మీద తన్నులు పడుతున్నాయి. మరిది చేతిలో గొడ్డలి ఉంది. దాన్ని ఎత్తి ఉంటే ఆ రోజు మా ఇంటిల్లిపాదీ చచ్చేవాళ్ళం. గొడ్డలిని చెరువులోకి విసిరేసి, తల్లి మీద బోర్లా పడ్డాడు. దెబ్బలన్నీ అతని వీపే తిన్నది. పక్కటెముకలు విరిగాయి. వాళ్ళకు చేతులు నొప్పి పుట్టాక పోయారు. ఊళ్ళో మా చేపలు ఎవరూ కొనగూడదని చెప్పి మరీ పోయారు. ఆ చలికాలమంతా కొనలేదు కూడా. నేను కోహెడ దాటి, మమ్మల్ని ఎరగని ఊళ్ళకు పోయి అమ్ముకొచ్చాను.

మా ఆయన చెరువు పైవైపుగా చుట్టూ తిరిగి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. చలికి పెదవులు నల్లబడ్డాయి. తల్లిని, తమ్ముణ్ణి చూసి గడపలోనే కూలబడ్డాడు. మరిది గోడకు ఆనుకుని, ఊపిరి పీల్చలేక పీల్చలేక అడిగాడు.

"బతికిండా?"

"బతికిండు."

"నీ కాళ్లు మొక్కిండా?"

"ఏం మొక్కుతడు. నీళ్లు కక్కుకుంట ఉరికిండు. ఎనుకకు తిరిగి గూడ సూడలే."

"గందుకా నేను గిన్ని దెబ్బలు తిన్నది?" మరిదికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఎందుకు పట్టుకొస్తివన్నా వాన్ని?"

"నీళ్లల్ల వడ్డోన్ని ఎట్ల ఇడిసిపెడుతం రా? ఒడ్డు మీద దొరికితే నేనే నరికేటోన్ని."

"మరి ఒడ్డెక్కినంక నరకకపోతివి?"

మా ఆయన నడుముకున్న సొరకాయ బుర్రల ముడి విప్పుకున్నాడు.

"గొడ్డలి నీ దగ్గరుండె గదరా."

అత్త ముందు నవ్వింది. నవ్వేసరికి తల గాయం మళ్ళీ తెరుచుకుని, నేను కట్టిన గుడ్డ తడిసి నెత్తురు కళ్ళలోకి కారింది. అయినా నవ్వుతూనే ఉంది. మరిది కూడా నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని, "నవ్వియ్యకున్రి, సస్త, నవ్వియ్యకున్రి" అని బతిమాలాడు. నేను ఇంకో గుడ్డ చింపి అత్త తలకు అదిమిపట్టుకున్నాను.