మన్నెమ్మవ్వ నిద్ర

వారానికోసారి గద్వాల నుంచి పెబ్బేరుకు బస్సులో వస్తుంటాను. ఇటిక్యాల వైపు నుంచి వచ్చి హైవే ఎక్కాక కృష్ణ మీది వంతెన వస్తుంది. ఎండలు మొదలై నదిలో నీళ్లు తీశాయంటే కిటికీలోంచి ఒక వాసన లోపలికి కొడుతుంది. అది నీటి వాసన కాదు. నిన్నటిదాకా నీళ్ల కింద ఉండి ఇవాళ ఎండ మొహం చూసిన బురద వాసన. చేప పొలుసులు, ఎండిన నాచు, తడిసిన గోడ అన్నీ అందులో ఉంటాయి. బస్సులో సగం మంది తూగుతుంటారు. నేను మాత్రం వంతెన అయిపోయేదాకా నీళ్ల మీంచి చూపు తిప్పను. పక్కన కూర్చున్న ఒకామె ఒకసారి "ఏమన్న పడిపోయిందా అమ్మా నీళ్లల్ల?" అని అడిగింది కూడా. లేదన్నాను. ఆ చూపు నాకు అంటించిన మనిషి గురించి ఆమెకు చెప్పే తీరిక అప్పుడు లేదు, ఇప్పుడు చెబుతున్నాను.

వనపర్తిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న రోజులు. హైదరాబాదు నుంచి ఒక ఏజెన్సీ వాళ్లు మా కాలేజీకి వచ్చి, చదువుకునే పిల్లలు వేసవి సెలవుల్లో అమెరికా వెళ్లి పని చేసి తిరిగి రావచ్చని చెప్పారు. అంతే, నాకు పూనకం వచ్చింది. మా నాన్న పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే మనిషి. నా మాట విని చాలాసేపు నవ్వాడు. "మా నాయిన కూలికి బొంబాయి పోయిండు. మా చిన్నాయిన పూనా పోయిండు. నువ్వు ఎండకాలం కూలికి అమెరికా పోతవానె?" అన్నాడు. నవ్వినా, పాస్‌పోర్టుకూ కాలేజీ ఇచ్చే అనుమతి కాగితానికీ నాకంటే ఎక్కువ తిరిగింది ఆయనే. ఏజెన్సీ మనిషిని మాత్రం ఎద్దు పళ్లు చూసినట్టు చూసి, "ఈయన మాట నడుస్తది గని జర కుంటుతది" అని తేల్చేశాడు.

ఆ కుంటు తొందర్లోనే తెలిసింది. నా కాగితాలు పూర్తయ్యేసరికి ఐస్‌క్రీమ్ దుకాణాల పనులూ, హోటళ్లలో పడకలు సర్దే పనులూ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఈత కొలను పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని, మునిగేవాళ్లను కాపాడే పని. దానికి ఆగకుండా ఈది, అడుగుకు మునిగి బరువు తీసుకొచ్చే వీడియో పంపాలి. అక్కడికి వెళ్లాక మళ్లీ పరీక్ష పెడతారు. నాకు ఈత రాదు. మా వైపు బావుల్లో ఈత మగపిల్లల సొత్తు. ఆడపిల్లలం గట్టు మీద నిలబడి వాళ్ల బట్టలకు కాపలా కాసేవాళ్లం. ఆ ఏడు పోతే ఇక పోనట్టే, ఎందుకంటే డిగ్రీ కాగానే నా పెళ్లి మాట ఎత్తడానికి ఇంట్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. నాకు ఒక్క వేసవైనా నా సొంతంగా కావాలి.

అప్పుడు మా మేనత్త ఫోన్‌లో మన్నెమ్మవ్వ పేరు చెప్పింది. అత్త వాళ్ల ఊరు కొల్లాపురం అవతల, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. ఊరివాళ్లు గట్టు మీద మళ్లీ ఇళ్లు కట్టుకుని పాత పేరే పెట్టుకున్నారు. పాత ఊరు వానాకాలం నుంచి నీళ్ల అడుగున ఉంటుంది. ఎండలు ముదిరాక రాతి గోడలు మెల్లగా తేలతాయి. మన్నెమ్మవ్వ చేపలు పట్టే ఇంటి ఆడబిడ్డ, అప్పటికి అరవైకి దగ్గర పడింది. సన్నటి మనిషి, ఎర్రటి కళ్లు, కళ్ల కింద నలుపు. భర్త పోయాక పగలంతా ఒడ్డున తుమ్మచెట్టు కింద కూర్చుని నీళ్లను చూస్తుండేది. ఎందుకు కూర్చున్నావని ఊళ్లో ఎవరూ ఆమెను అడిగేవాళ్లు కాదు.

"ఈత నేర్పుత గని నాకు పైసలొద్దు" అంది నన్ను ఎగాదిగా చూసి.

"మరేం కావాలవ్వా?"

"ఈత అయినంక జరంతసేపు నువ్వు ఈడ కూసొని నీళ్లను చూడు. నేను పండుకుంట. ఎవరన్న చూస్తుంటెనే నాకు నిద్ర పడ్తది."

ముసలామెకు మతి సరిగా లేదనుకుని సరే అన్నాను. ప్రతి శనివారం వనపర్తిలో బస్సెక్కి వెళ్లి, ఆదివారం ఈది వచ్చేదాన్ని. వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి నీళ్లలోకి దింపింది. కాళ్లు ఎలా ఆడించాలో, ఊపిరి ఎక్కడ పట్టి ఎక్కడ వదలాలో ఓపిగ్గానే చెప్పింది. కానీ తిన్నగా ఈదనిచ్చేది కాదు. "ఇండ్ల మీదికెళ్లి పోవద్దు. బజార్ల పడి పో" అనేది. పైన చూస్తే ఎటు చూసినా నీళ్లే. ఆమె పక్కనే ఈదుతూ, "ఇగ ఈడ మలుగు. ఇది వడ్లోళ్ల ఇంటి మూల" అని చెబితే పక్కకు తిరిగేదాన్ని. ఒకసారి నా కాలికి చల్లటి రాయి తగిలింది. ఆమె మాత్రం, "గది కడప. కాలు పెట్టకు, పక్కకు రా" అంది, పక్కింట్లోకి చెప్పులతో పోయిన పిల్లను మందలించినట్టు.

మేము పంపిన వీడియోను అత్త ఫోన్‌లో తీసింది. సగం ఆకాశమూ సగం ఆమె బొటనవేలూ ఉన్నా ఏజెన్సీ మనిషి దాన్ని అంగీకరించాడు. ఒక్కటే అడిగాడు. "అంత పెద్ద నదిలో తిన్నగా ఈదక, ఆ మలుపులు ఎందుకు తిరిగావమ్మా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈత బాగానే ఉంది గానీ, ఆ తర్వాతి కావలితో విసిగిపోయేదాన్ని. ఆమె గోనెసంచి పరుచుకుని, నదికి వీపు తిప్పి పడుకునేది. ఎదురుగా ఖాళీ నీళ్లు, ఎండ, ఎక్కడో ఒక కొంగ. ఫోన్ తీసేదాన్ని. నా చూపు నీళ్ల మీంచి ఫోన్ మీదకు దిగిన మరుక్షణం ఆమెకు మెలకువ వచ్చేది. నేను చప్పుడు చేసినందుకు కాదు, కదిలినందుకు కాదు. నాకు వీపు చేసి, గాఢ నిద్రలో ఉన్న మనిషి, "ఎటు చూస్తున్నవు పిల్లా?" అనేది. మొదట యాదృచ్ఛికం అనుకున్నాను. కావాలని పరీక్షించాను. ప్రతిసారీ లేచింది. ఆ తర్వాత ఫోన్ బయటికి తీయడానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఇంతకూ నేను ఎవరి కోసం చూడాలవ్వా?" అని చివరికి అడిగేశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా చెల్లె, లచ్చిమి. నీళ్లొచ్చుడు సురువైన యాడాది. పోరగాండ్లందరు మునిగిన గోడల మీద నిలవడి దుంకెటోళ్లు. పెద్దదాన్నని నన్ను ఒడ్డు మీద కావలి పెట్టిండ్రు. అందరు ఒడ్డెక్కిండ్రు, ఇది ఒక్కతి ఎక్కలె. మెడదాంక నీళ్లల్ల ఉండి నా దిక్కే చూస్తున్నది. మా ఇంటి గోడ మీద నిలవడ్డది అనుకున్న. ఆట పట్టిస్తున్నదని పెంక ఇసిరిన. నవ్విన కూడ."

"మొత్తుకోలేదా?"

"మునిగేటోళ్లు మొత్తుకోరు బిడ్డా. నోట్ల నీళ్లుంటె ఎట్ల మొత్తుకుంటరు? నిలవడ్డట్టే ఉంటరు. మళ్ల చూసేటాలకు లేదు. గోడ ఇంకింత అవతల ఉండె. దొరకనె లేదు."

ఆమె ఏడవలేదు. వంట చేసే తీరు చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు నుంచి ఖాళీ నీళ్లు నాకు ఖాళీగా కనిపించలేదు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. మన్నెమ్మవ్వ సన్నగా గురక పెడుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా, నీళ్ల మధ్య ఒక తల ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు, నేను రెప్పయినా వేయలేదు. నుదుటికి అతుక్కున్న జుట్టు, నీటి అంచుకు సరిగ్గా నోరు. చిన్నపిల్ల. నన్నే చూస్తోంది. చేతులు ఊపడం లేదు, అరవడం లేదు. 'ఎవరో గోడ మీద నిలబడ్డారు' అంది నా మనసు. కాళ్లు ఆ మాట వినలేదు. బజార్లు వదిలేసి, ఇళ్ల మీదుగా తిన్నగా ఈదాను.

వెళ్లేసరికి ఎవరూ లేరు. మునిగి వెతికాను. అడుగున పచ్చటి చీకటి. ఊపిరి అయిపోయి పైకి రాబోతుంటే చీలమండకు ఏదో మెత్తగా చుట్టుకుని, పట్టుకుని, వదిలింది. నాచే అయి ఉంటుంది. కాళ్లు కొట్టుకుంటుంటే అరికాళ్లకు రాయి దొరికింది. లేచి నిలబడ్డాను. నది మధ్యలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను, ఒక గోడ మీద.

ఒడ్డున మన్నెమ్మవ్వ లేచి నిలబడి ఉంది. "ఎవరు కనవడ్డరు?" అని కేకేసింది. గొంతు ఆమెది కాదు, ఎవరో చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఆడపిల్ల, అవ్వా! నేనొచ్చేసరికి లేదు!"

"దుంకినవా?"

"దుంకిన!"

ఆమె బురదలో కూలబడింది. నేను ఒడ్డుకు చేరేసరికి తల పట్టుకుని ఏడుస్తోంది. "నువ్వన్న దుంకినవు బిడ్డా... నువ్వన్న దుంకినవు" అని అదే మాట. తర్వాత నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. ఆ రోజు నేను మెడ కూడా తిప్పలేదు. నాకు భయం వేసింది, నిజమే. కానీ ఆ ముసలామె మీద అంతకు మించిన ప్రేమ పుట్టింది.

హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూలో అద్దం వెనకాయన, ఈత ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా అత్త వాళ్ల ఊళ్లో అన్నాను. ఊళ్లో కొలను ఉందా అన్నాడు. లేదు, ఊళ్లోనే అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా వీసా ఇచ్చేశాడు. నాన్నకు చెబితే సంతలో అందరికీ చాయ్ తాగించాడు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి ఎండలు మండుతున్నాయి. నది వెనక్కి పోయి, పాత ఊరు మొత్తం పైకి వచ్చింది. బీటలు వారిన బురద మీద మన్నెమ్మవ్వ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఏటా వాళ్ల పాత ఇల్లు తేలుతుంది, ఏటా ఆమె ఒడ్డు నుంచే చూసింది. చెల్లెలు పోయాక ఆ గడప తొక్కలేదట. ఇవాళ బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. కప్పు లేని గది, ఎండిన ఒండ్రు, గుల్లలు. ప్రతి మూలా వంగి చూసింది. పొయ్యి ఉండిన చోటు చేత్తో తడిమింది. తర్వాత నడుం నిలబెట్టి నా వైపు తిరిగింది.

"చూసినవా, ఈడ ఎవరు లేరు. నువ్వు నిమ్మలంగ పో బిడ్డా. ఆడ పిల్లలుంటరు, మంచిగ చూడు."

చెప్పులు తొడుక్కుని ముందు ఆమె నడిచింది, వెనక నేను. ఆమె ఒక్కసారీ తిరిగి చూడలేదు. నేను చూశాను. ఆ ఇంటి గోడ మీద అదే పిల్ల నిలబడి ఉంది. అంత ఎండలో జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి, గోడ రాయి అక్కడి వరకే నల్లగా తడిసింది. నన్ను చూడటం లేదు. అక్క వీపును చూస్తోంది.

"ఏంది, ఎన్కకు చూస్తున్నవు?" అంది మన్నెమ్మవ్వ నడుస్తూనే.

"ఏం లేదవ్వా. నడువు."

అమెరికాలో ఆ వేసవంతా నీలం నీళ్ల పక్కన కుర్చీలో కూర్చున్నాను. నా కొలనులో ఎవరూ మునగలేదు. ఉత్తినే నిలబడ్డ పిల్లల కోసం దూకి, వాళ్ల తల్లుల చేత చీవాట్లు తిన్నాను. ఎవరూ లేని చోట దూకిన రోజులూ ఉన్నాయి. పైఅధికారి పిలిచి ఎందుకు దూకావని అడిగితే, పొరపాటు పడ్డానని చెప్పేదాన్ని. మర్నాడు మళ్లీ దూకేదాన్ని.

తిరిగొచ్చాక మన్నెమ్మవ్వను చూడబోతే తుమ్మచెట్టు కింద ఎవరూ లేరు. ఇంట్లో నులక మంచం మీద పట్టపగలు హాయిగా నిద్రపోతోంది. "గీ నడుమ గిదే పని. గురకకు మా గోడలు అదురుతున్నయి" అని పక్కింటామె నవ్వింది. కళ్ల కింద నలుపు పోయింది. మొహం పదేళ్లు వెనక్కి పోయింది. నా అలికిడికి కళ్లు తెరిచి, తల నిమిరి అడిగింది.

"బిడ్డా, గా పిల్ల నీకు మళ్ల కనవడ్డదా?"

"లేదవ్వా."

"పోనీ తీ" అని పక్కకు తిరిగి పడుకుంది.

అలాగే ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయిందని తర్వాత అత్త ఫోన్ చేసి చెప్పింది. నీళ్లు నిండినప్పుడల్లా నేను ఆ ఒడ్డుకు వెళ్తుంటాను. ఈత ఆమె నేర్పిందే, ధైర్యం ఆమె ఇచ్చిందే. ఆ కావలి మాత్రం ఆమె ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్ల కనిపిస్తుంది. మెడదాకా నీళ్లలో ఉండి, ఒడ్డు మీద ఎవరైనా ఉన్నారా అని చూస్తుంది. నేనున్నానని తెలిసేలా చెయ్యి ఎత్తుతాను.