నలభై అడుగుల రోడ్డు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో అందరూ అంటారు. మా అక్క మాత్రం అనదు. ఆమె ముందు నేనెప్పుడూ గొంతు పెంచలేదు. పెంచే మొహం నాకు లేదు. మా ఊరు ఆలూరు పక్కన. వేసవి వస్తే బిందె నీళ్లకు మైలున్నర నడవాలి. ఆ నడక కోసమే అక్కను ఆరో తరగతిలో బడి మాన్పించారు. ఆమె తెచ్చిన నీళ్లు తాగి నేను చదువుకున్నాను. బిందెలు మోసి మోసి ఆమె నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయాయి. ఇప్పటికీ చర్చిలో ముసుగు జారితే గబుక్కున సర్దుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

ఆ చదువుతోనే కర్నూల్లో ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర లేఅవుట్లు గీసే పనికి కుదిరాను. ఊరు చుట్టూ పొలాలన్నీ వెంచర్లు అవుతున్న కాలం. జొన్న, కంది పండిన చేలు పొద్దున నా కంప్యూటరు మీదికి వచ్చేవి, సాయంత్రానికి ప్లాట్లయి వెళ్లిపోయేవి. పార్కు అని ఆకుపచ్చ రంగు వేసిన చోట గడ్డి కూడా మొలవదని తెలిసినా వేసేవాణ్ణి. గీసేవాడికి ఏం పోతుంది!

కడపకు పోయే దారిలో ఒక వెంచర్ పని మా ఆఫీసుకు వచ్చింది. పాత గ్రామ పటం తెచ్చి పరిచి చూస్తే, చేను నడుమ రెండు వంకర గీతలు, వాటి మధ్య ఒక బాణం గుర్తు. అంటే వంక. వాన నీళ్లు పారే దారి. వెంచర్ ఓనరును పిలిచి చూపించాను.

"వంకా? నేను పుట్టినకాడ్నుంచి దాంట్లో చుక్క పారింది లేదప్పా. తీసెయ్," అన్నాడు.

"పటంలో ఉండాది కదన్నా."

"పటంలో మా తాత పేరు కూడా ఉండాది. ఆయప్ప వచ్చి కూచున్నాడా ఇప్పుడు? ఆడ నలభై అడుగుల రోడ్డు పోనీ. సాఫుగా ఉంటాది."

నేను నవ్వాను కూడా. రెండు గీతలూ చెరిపేసి రోడ్డు గీశాను. తప్పు చేస్తున్నానని ఆ రోజు నాకు నిజంగా అనిపించలేదు. ఒకసారి నది పొంగి కర్నూలు ఊళ్లోకి వచ్చిన సంగతి అందరికీ గుర్తే. కానీ అది నది. ఇది మేకలు కూడా పడుకోని ఎండు వంక. మా వైపు నీళ్లు వస్తాయని ఎవరూ భయపడరు, రావని భయపడతారు.

మా బావ బేల్దారి. ఆ వెంచర్ ప్రహరీ గోడ, ముందున్న ఆర్చి కట్టింది ఆయనే. కూలికి బదులు ఒక ప్లాటు తీసుకొమ్మన్నాడు ఓనరు. అప్పటికి రెండే మిగిలున్నాయి. ఒకటి మెరక మీద, అడుగు తవ్వితే బండ తగిలే చోట. ఇంకొకటి దిగువన, నలభై అడుగుల రోడ్డును ఆనుకొని. ఏది మంచిదని బావ, అక్క నన్నే అడిగారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వంక దగ్గర బోరు ఎండదు, అది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా అక్క ఇక జన్మలో నీళ్ల బిందె నెత్తికెత్తకూడదు, అంతే. "కిందిది తీసుకో అక్కా, మారు మాట్లాడొద్దు," అన్నాను. వంక సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ మాట బయటికి పొక్కి, వాళ్లకంటే ముందు ఇంకెవరో తన్నుకుపోతారని నా బెంగ.

పునాది గుంత తవ్వినప్పుడు నడుము లోతుకే నీళ్లు ఊరాయి. చుట్టుపక్కల ఇళ్లు కట్టుకుంటున్న వాళ్లంతా చూడటానికి పరుగెత్తుకొచ్చారు. "ఓయమ్మ, ఏం పుణ్యం చేసుకున్నావు తల్లీ! మా బోర్లో ఎంత లోతుకు పోయినా దుమ్మే లేస్తాండాది," అంటూ పక్క ప్లాటు ఆవిడ గుంతలో పసుపు కుంకుమ వేసి దండం పెట్టింది. అక్క గుంతలోకి దిగి, దోసిలితో ఆ బురద నీళ్లు తీసి నడినెత్తిన పోసుకుంది. ఏడుస్తూ నవ్వింది. నేను ఊళ్లోకి పోయి జిలేబీ తెచ్చి అందరికీ పంచాను. అంత గర్వపడిన రోజు నా బతుకులో మరొకటి లేదు.

ఇల్లు లేచింది. రెండు గదులు, వంటిల్లు, కింద కడప బండలు. ప్రార్థన చేసి ఇల్లు ప్రతిష్ఠించడానికి వచ్చిన పాస్టరయ్య దేవుడిచ్చిన నీళ్ల గురించే మాట్లాడారు. ఇసుక మీద కట్టిన ఇల్లు వరదకు కూలుతుందని, బండ మీదే కట్టుకోవాలని ఆదివారం బడిలో పాటలు పాడి పెరిగినవాళ్లమే అందరమూ. ఆ రోజు ఒక్కరికీ అది గుర్తు రాలేదు. నాకసలే రాలేదు.

తర్వాత రెండేళ్లలో ఊరు ఆ పక్కకు విపరీతంగా పెరిగింది. ఎగువన ఇంకో వెంచర్, దానికి ఎగువన మరొకటి. కొన్ని నేనే గీశాను. అడ్డమొచ్చిన చిన్న కుంటను ఎర్రమట్టి పోసి పూడ్చారు. చేల గట్లు చదును చేశారు. అన్ని రోడ్లకూ సిమెంటు వేశారు. అక్క ఇంటి గోడలకు అడుగు ఎత్తున చెమ్మ ఎక్కి, సున్నం పొలుసులు పొలుసులుగా రాలడం మొదలైంది. బండల సందుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. నీళ్లున్న చోట చెమ్మ ఉండదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

కిందటేడు ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా వాన పడింది. పెద్ద వాన కూడా కాదు, అరగంట. వెలిసిన తర్వాత ఎగువ నుంచి ఏదో లారీ వస్తున్నట్లు మోత వినిపించి వీధిలోకి వచ్చాం. రోడ్డు కనబడలేదు. నలభై అడుగుల వెడల్పునా ఎర్రటి నీళ్లు, చెత్త, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ కలిసి కొట్టుకొస్తున్నాయి. నీళ్లు అక్క ఇంటి రెండో మెట్టు దాకా వచ్చి, అక్కడే కొంతసేపు నిలబడి, తగ్గిపోయాయి. పిల్లలు గంతులేశారు. పెద్దవాళ్లు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. "వంకమ్మ వచ్చిందప్పో!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అక్కడ వంక ఉండేదని వాళ్లకెలా తెలిసింది?

మరునాడు ఆఫీసుకు ఎవరూ రాకముందే పోయి, పాత గ్రామ పటాన్ని స్కాన్ చేసి, నేను గీసిన లేఅవుట్ మీద పరిచాను. వంకర తిరిగిన వంకలో, తిన్నగా గీసిన నా రోడ్డు ఒక అంచునే పడింది; రెండు గీతలూ ఎక్కడ పడ్డాయో చూసి మౌస్ వదిలేశాను. ఆ రోజు అన్నం సహించలేదు. ఓనరు దగ్గరికి పోయి నోటికొచ్చినట్లు తిట్టాను. ఆయన కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "గీసింది నువ్వే కదప్పా, సంతకం కూడా మీ ఆఫీసుదే," అన్నాడు మెల్లగా.

అక్కకు చెప్పాలని మూడుసార్లు బయలుదేరి రెండుసార్లు దారిలోంచే వెనక్కి వచ్చాను. మూడోసారి పోయేసరికి పడమట ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. అక్క బయట బట్టలు తీస్తోంది. "ఏమప్పా, ఈ యాళప్పుడు వచ్చినావు?" అంది. అప్పుడే చూశాను, ఇంటి పక్క గోడకు ఇనుప నిచ్చెన బిగించి ఉంది. పైన మిద్దె మీద నాలుగు పైపులు నిలబెట్టి రేకు కప్పారు. దాని కింద తాడు చుట్ట, బియ్యం డబ్బా, నీళ్ల క్యాను, మూతి గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచి.

"ఆ సంచీలో ఏముందక్కా?"

"ఇంటి కాగితాలు, పిల్లోళ్ల సర్టిఫికెట్లు. ఇట్ల ఆకాశం మోడం పట్టినప్పుడు పైకెత్తి పెడతాండా."

నేను నిచ్చెన వైపు చూశాను. ఆమే చెప్పింది. "గుంత తవ్విన దినమే మీ బావ చూసినాడు రా. లోపలంతా ఇసుక, నున్నటి గుండ్రాళ్లు. నీళ్లు దొర్లించిన రాళ్లంట అవి. ఇది పారే జాగా అని ఆ రాత్రే చెప్పినాడు నాకు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? నువ్వు జిలేబీ పంచుతాంటివి. తెలిస్తే అన్నం తినవని ఊరకుంటిమి. నీ తప్పేముందిలే. కంప్యూటర్లో గీతలు గీసేవానికి భూమి సంగతి ఎట్ల తెలుస్తాది?"

"ఇల్లు అమ్మేయండి అక్కా. లేకుంటే వచ్చి నా దగ్గర ఉండండి."

"ఎన్ని దినాలు ఉంటాం? అమ్మితే కొనేటోళ్లు మాత్రం మనుషులు కాదా?" అంది బట్టలు మడతపెడుతూ.

ఆ మాటతో ఇక ఆగలేకపోయాను. "నాకు ముందే తెలుసక్కా," అన్నాను. "పాత పటంలో వంక ఉంది. రెండు గీతలు. వాటిని చెరిపింది నేనే. నీకు నీళ్లకు కరువుండదని, తెలిసే ఈ ప్లాటు చూపించాను."

అక్క చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"మా ఇల్లు ఆ రెండు గీతలకు బయట ఉండాదా, నడుమనా?"

"నట్టనడుమ," అన్నాను.

ఆమె పడమటి వైపు ఒకసారి చూసి, పిల్లల్ని బడి నుంచి బిరబిరా పిలుచుకు రమ్మని నన్ను పంపింది.