జేజి కట్టిన చిలకపచ్చ చీర

మదనపల్లెలో మేముండే మూడో అంతస్తు ఇంటికి అటక లేదు కాబట్టి ఆ ట్రంకుపెట్టె మంచం కిందే ఉంటుంది. ఏడాదికొకసారి, చలి తగ్గి ఎండకు కాస్త పదునెక్కే రోజుల్లో, దాన్ని బయటికి లాగి మూత ఎత్తుతాను. మొదట వట్టివేళ్ల వాసన వస్తుంది, దాని వెనకే కలరా ఉండల వాసన, ఆ రెండూ పలచబడ్డాక పాత జరీది, తడిసిన వెండి గిన్నెను మూతి దగ్గర పెట్టుకున్నట్టు చల్లటి వాసన. మొన్న అందులోని పాత పట్టుచీరను మడత మార్చి వేస్తుంటే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు వేసుకొని ఉంది. ఆ చిరుగులు కొన్నప్పుడే ఉన్నాయి.

"ఆదివారం పెండ్లికి ఇది కడతావా మా? ఈ వయసులో చిలకపచ్చా? నీకు బాగుండదు" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. అది మా జేజి మాట. చిరిగిన ప్యాంటులోంచి అది మళ్లీ వినపడుతుందని మాత్రం అనుకోలేదు.

జేజి అంటే మా నాయనను కన్న తల్లి. పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, మా ఊరు. మా ఇంటిని ఆ చుట్టుపక్కల ఎవరూ ఇంటిపేరుతో పిలిచేవాళ్లు కాదు. పెద్దవాకిలి అనేవాళ్లు. గడ్డి మోపులతో నిండిన రెండెడ్ల బండి తల వంచకుండా లోపలికి వచ్చేంత వాకిలి అది. నాకు ఊహ తెలిసేనాటికి బండీ లేదు, ఎడ్లూ లేవు, పడమటి గదులన్నిటా చింతపండు వ్యాపారి బస్తాలు ఉండేవి, కొట్టంలో పొట్టి కాళ్ల పుంగనూరు ఆవు ఒక్కటే మిగిలింది. వాకిలి మాత్రం అలాగే ఉంది. మా జేజినాయన, అంటే మా తాత, పుంగనూరుకు పోవాలంటే మే నెల ఎండలో కూడా మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు తొడుక్కొని, ఆ వాకిలి మధ్యలోంచి, ఏ పక్కకూ ఒరగకుండా నడిచి పోయేవాడు. బస్సులో సీటు దొరక్కపోతే నిలబడేవాడు గానీ ఎవరినీ జరగమని అడిగేవాడు కాదు. మేము అట్లాంటివాళ్లం. దాన్ని గురించి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదు.

జేజికి బట్టల గురించి ఒక శాస్త్రం ఉండేది. చిన్నపిల్లలకు పసుపూ ఎరుపూ. పెండ్లయిన కొత్తలో చిలకపచ్చ, పండుమిరప. పిల్లలు బడికి పోయే వయసుకు వంకాయ రంగుకూ నేరేడు రంగుకూ దిగాలి. కోడలు ఇంట్లో కాలు పెట్టిన రోజునుంచి కాఫీపొడి, ఇటుక, బూడిద, అంతే. మా అమ్మ కాపురానికి వచ్చిన నాడే జేజి తన మంచి రంగుల చీరలన్నీ ఆమె చేతిలో పెట్టిందట. "ఇంక నాకెందుకు ఇవి, నవ్వుతారు" అనిందట. అప్పటికి ఆమెకు నలభై అయినా నిండలేదు.

చిక్కుడు జాతి అనపకాయల కాలంలో, పొద్దున మంచు ఇంకా రాగి చేలమీద పొగలాగా ఉన్నప్పుడే, మేమంతా వాకిట్లో కూర్చొని గింజలు పితికేవాళ్లం. రాత్రి నానబెట్టిన అనపగింజను బొటనవేలితో నొక్కితే పైతోలు ఊడి పప్పు జారి పళ్లెంలో పడేది. వేళ్లు పచ్చి వాసన కొట్టేవి. లోపల పొయ్యిమీద ధనియాలూ కొబ్బరీ వేగుతుండేవి, మధ్యాహ్నానికి పితికిపప్పు పులుసూ రాగిసంగటీ సిద్ధమయ్యేవి. జేజి చేతులు గింజలమీద, కళ్లు వీధిమీద. మా ఊళ్లోకి నైటీ వచ్చింది ఆ రోజుల్లోనే. పక్కింట్లో బాడుగకుండే టీచరమ్మ పూలపూల నైటీ వేసుకొని, పైన ఒక తువ్వాలు కప్పుకొని, పాలచెంబుతో వీధిలోకి వచ్చింది. జేజి చేతులు ఆగిపోయాయి.

"ఏమ్మా టీచరమ్మా, పండుకోను పోతాండావా, లేసొస్తాండావా?"

"పాలకు పోతాండా పెద్దమ్మా. గాలాడతాదని ఏసుకొన్నా."

"గాలాడాలంటే కిటికీ తెరుసుకో. ఈదిలో తిరిగేది యాల?"

టీచరమ్మ పగలబడి నవ్వింది. జేజి నవ్వలేదు. ఆ రోజంతా ఆమె ముఖం, కొట్టంలో ఆవు మాట్లాడటం విన్నదానిలా ఉండింది. నాకు మదనపల్లె అంగళ్లలో చూసిన చుడీదార్ కావాలని అప్పుడే ఎందుకు అడిగానో నాకు తెలియదు. "పావడే నీ నడుమున కుదురుగా నిలవదు మే. దానికి రెండు కాళ్లు కూడానా?" అని జేజి మళ్లీ గింజల్లో పడింది.

ఆ శాస్త్రంలో ఒక చీర మాత్రం చేరలేదు. చిలకపచ్చ మీద పండుమిరప అంచు, చేతికి బరువుగా తగిలే జరీ కొంగు. జేజి పెండ్లి చీర అది. దాన్ని ఆమె మా అమ్మకూ ఇవ్వలేదు, తనూ కట్టలేదు. మా వంశంలో ఏ ఆడపిల్ల పెండ్లి జరిగినా, ముహూర్తానికి ముందు గౌరీపూజకు పెండ్లికూతురు ఆ చీర కట్టుకొని కూర్చోవాలి. జేజి దాన్ని పెట్టెలో పెట్టుకొని, పెట్టెను ఒడిలో పెట్టుకొని, ఏ ఊరికైనా తానే తీసుకుపోయేది. పొలాలు పోయినా, వెండి పోయినా, చుట్టాలలో మా మాట తగ్గిపోయినా, ఆ చీర పెండ్లిపీట ఎక్కినంతకాలం పెద్దవాకిలి పెద్దవాకిలే అని ఆమె నమ్మకం. మా అందరి నమ్మకమూ అదే.

నాకు పదకొండో ఏడో పన్నెండో ఏడో ఉన్నప్పుడు కుప్పంలో పెండ్లి వచ్చింది. జేజినాయనకు పినతండ్రి కొడుకు ఒకాయన అక్కడ ఉండేవాడు. చిన్నప్పుడు మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకొని పుంగనూరు బడికి పోయినవాడు, తరువాత రాతి వ్యాపారంలో బాగా పైకొచ్చాడు. ఆయన కూతురి పెండ్లి. మేము పలమనేరు మీదుగా బస్సులో పోయాం. దారిలో ఎవరో పెట్టెను పైన పెట్టమంటే జేజి వినిపించుకోలేదు.

కల్యాణమండపంలో పెండ్లికూతురు ఒక ఎత్తు కుర్చీలో కూర్చొని ఉంది. బెంగుళూరు నుంచి అలంకరణకు వచ్చిన మనిషి ఆమె ముఖానికి ఏదో అద్దుతోంది. జేజి పెట్టె తెరిచి చీరను రెండు చేతులమీదా పరిచి చూపించింది. పెండ్లికూతురు ఒక కంటితో చూసింది, రెండోదానికి అప్పుడే కాటుక దిద్దుతున్నారు.

"ఇది వద్దులే పెద్దమ్మా. ముసలోళ్ల చీర మాదిరి ఉండాది. నాకు సెట్ కాదు, ఫోటోల్లో బాగుండదు."

నాకు చెవులు వేడెక్కాయి. జేజి చీరను అదే మడతల్లో, ఒక్క మడత కూడా తప్పకుండా, తిరిగి పెట్టెలో పెట్టింది.

ఆ సాయంత్రమే పెట్టుబడి చీరలు పంచారు. పెండ్లికి వచ్చిన ఆడవాళ్లకు ఇంటివాళ్లు బొట్టు పెట్టి చీర ఇవ్వడం మా వైపు మర్యాద. దగ్గరి చుట్టాలకు పట్టు, దూరపువాళ్లకు సిల్కు, పనికి వచ్చినవాళ్లకు ముతకనూలు. ఆ వరస అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. కుప్పం చిన్నజేజి, అంటే పెండ్లికూతురి తల్లి, నవ్వుతూ వచ్చి మా జేజి ఒడిలో ఒక చీర పెట్టింది.

"నీ వయసుకు తగినట్టు నేనే ఏరి తెచ్చినానక్కా. నీకు మంచి రంగులు ఇస్తే కోప్పడతావు గదా."

కాఫీపొడి రంగు ముతకనూలు. నేను తల తిప్పి చూస్తే, వంటింట్లో మసాలాలు రుబ్బడానికి వచ్చినామె చంకలోనూ అదే చీర, అదే అంచు. జేజి కూడా చూసింది. ఏం మాట్లాడగలదు? ఆ రంగును ఏళ్ల తరబడి ఊరందరికీ చెప్పింది ఆమే. "బాగుండాది" అని మాత్రం అంది. ఆ మాట అనడానికి ఆమె పడిన కష్టం నేను చూశాను. నేను ఇప్పటికీ చిన్నజేజిని క్షమించలేదు.

మరునాడు పొద్దున ముహూర్తానికి గది తలుపు తెరుచుకొని జేజి బయటికి వచ్చింది. చిలకపచ్చ చీర. పండుమిరప అంచు మడమల దగ్గర చప్పుడు చేస్తోంది. నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసి, దానిచుట్టూ కనకాంబరాలు చుట్టుకుంది. నడవాలో ఉన్న ఆడవాళ్లంతా గోడవైపు జరిగి దారి ఇచ్చారు. మా అమ్మ పళ్లెంలోంచి తమలపాకులు జారి కింద పడ్డాయి. ఒకనాడు నైటీ చూసి జేజి చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు ఆమెను చూసి మా చేతులు ఆగిపోయాయి.

కోటు గుండీలు పెట్టుకుంటున్న జేజినాయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఈ చీర నేను యాడో చూసినట్టుండాదే" అన్నాడు.

"చూసింటావులే" అంది జేజి.

చిన్నజేజి ఎదురొచ్చింది. "ఏందక్కా ఇది, నీకు మళ్లా పెండ్లా?" అని అందరూ వినేట్టు నవ్వింది.

"చీర పెండ్లి చూడను వచ్చినాది. మీ పాప వద్దనె. మోసేదానికి ఎవురో ఒకరు ఉండాల గదమ్మా."

ఆ మాట చెప్పి జేజి మండపంలోకి నడిచి ముందు వరసలో కూర్చుంది. వీపు కుర్చీకి ఆనలేదు. నేను పక్కన కూర్చున్నాను. వెనక గుసగుసలు నా మెడమీద చీమల్లా పాకుతున్నాయి. నాకు సిగ్గూ, గర్వమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

మంగళసూత్రం కట్టేముందు అది ఉన్న పళ్లాన్ని పెద్దలందరికీ చూపించి తాకిస్తారు. మా వంశంలో మొదటి చెయ్యి ఎప్పుడూ పెద్దవాకిలిదే. ఈసారి మాత్రం అది మగపెళ్లివాళ్లలో బెంగుళూరు నుంచి వచ్చిన ఒక గొప్పింటామెదని ముందురోజే మా చెవిన పడింది. అయితే పళ్లెం పట్టుకున్న అమ్మాయి తిన్నగా మా దగ్గరికి వచ్చి, వంగి, జేజి ముందు పెట్టింది.

"ఆంటీ, ఫస్టు మీరే అంట."

జేజి చెయ్యి లేచింది. లేచి, పళ్లానికి కొంచెం పైన ఆగిపోయింది.

"ఎవురి దెగ్గరికి పొమ్మన్నారు మ్మా?"

"బెంగుళూరు పెద్దామె దెగ్గరికి. ముందు వరసలో మంచి పట్టుచీరలో ఉంటాది అనిరి. మీరే గదా?"

అసలు ఆ బెంగుళూరు ఆమె నాలుగు కుర్చీల అవతల, బూడిద రంగు పలచటి చీరలో, మెడలో సన్నటి గొలుసుతో కూర్చొని ఉంది. ఆ రంగు మా ఇంట్లో ముసలివాళ్లది. పురోహితుడు తొందరపెడుతున్నాడు. జేజి ఆ పళ్లాన్ని తాకి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మొదటి చెయ్యి మాదే అయ్యేది, నేను అదే కోరుకున్నాను.

"నేను కాదు. నేను పెద్దవాకిలి దాన్ని" అంది జేజి.

"యాడుండాది అది?" అంది ఆ పిల్ల. వెటకారం కాదు. నిజంగా తెలియదు.

జేజి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అదో, బూడిద రంగు చీర. ఆమె. పో, టయిమయిపోతాంది."

పళ్లెం అటు పోయి, ఇటు తిరిగి, ఆఖరున మా దగ్గరికి వచ్చింది. జేజి దాన్ని రెండు చేతులతో తాకి, కళ్లు మూసుకొని, ఎప్పుడూ ఎంతసేపు దీవిస్తుందో అంతసేపూ దీవించింది.

ఆ మధ్యాహ్నం బస్సెక్కేటప్పుడు చూస్తే కాఫీపొడి చీరలో ఉంది. మడత నలగని ఆ ముతకనూలే. నాకు ఏడుపొచ్చింది. "అది యాల కట్టినావు జేజీ?" అన్నాను.

"పెండ్లి అయిపోయింది గదా మే. ఇంక వయసుకు తగినట్టు ఉండొద్దా?" అని కిటికీ వైపు తిరిగింది. బస్సు వి.కోట దాటింది. ఆ తరువాత ఉన్నట్టుండి, ఎవరో చెంప మీద కొట్టినట్టు, "ఆంటీ అనిందే నన్ను!" అంది. జేజినాయన భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే అంతకుముందు ఆయన నవ్వడం నేను చూడలేదు.

ఆ ముతకనూలు చీరను ఆమె చిరిగేదాకా కట్టింది. పచ్చచీర గౌరీపూజకు కూర్చున్నది ఆ తరువాత ఒక్కసారే, నా పెండ్లిలో. ఇప్పుడు జేజి లేదు, నల్లకోటు లేదు, అనపగింజలు పితికిన వాకిలీ లేదు. ఆ తలుపులూ దూలాలూ బెంగుళూరు దారిలో ఏదో హోటలు ముందు నిలబెట్టారట, జనం ఫోటోలు దిగుతారట. పెట్టుబడి చీరల వరసా పోయింది, అందరికీ ఒకే సంచి ఇస్తున్నారు. ఏ వయసువాళ్లు ఏది కట్టినా ఉలిక్కిపడేవాళ్లు కూడా లేరు, మా ఇంట్లో ఒకతె తప్ప.

ఆదివారం ఆ చీర కట్టుకొని మదనపల్లెలో పెండ్లికి పోయాను. పందిట్లో పన్నీరు చల్లుతున్న ఒక అమ్మాయి కొంగును వేళ్లతో పట్టుకొని చూసింది.

"సూపరుండాది ఆంటీ. బాడుగకు తెచ్చినారా? యాడ?"

"పెద్దవాకిలిది" అన్నాను.

"పెద్దవాకిలా? బెంగుళూరు బస్టాండు కాడ ఉండే కొత్త షాపేనా?"

పక్కనున్న మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కొంగు విడిపించుకొని, ముందు వరసలో ఒక కుర్చీ చూసుకొని, వీపు ఆనించకుండా కూర్చున్నాను.