ముద్ర పడని పుస్తకం

లైబ్రరీ మేడమ్‌కి తన పని మీద గర్వం కాస్త ఎక్కువే. ఉండదా మరి! ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్క పుస్తకాన్ని తప్పు అరలో పెట్టిన పాపాన పోలేదు. ఏటా పెద్ద పెద్ద అంతర్జాతీయ బహుమతులు ప్రకటించే వారంలో ఆవిడ హడావిడి చూడాలి. గుమ్మం పక్కనున్న నల్లబోర్డు కడిగి, ఏ రోజు విజేతల పేర్లు ఆ రోజు రంగు సుద్దలతో రాసి, పేపర్లో ఫొటోలు కత్తిరించి అంటించేది. వాళ్ల పుస్తకం ఒక్కటైనా చదివిందా అంటే, అబ్బే, తీరికేదీ?

ఆ ఏడు సోమవారం వైద్యశాస్త్రం, గుండె లయ మీద జీవితమంతా ధారపోసినాయన. మంగళవారం భౌతికశాస్త్రం, ఆయనేం కనిపెట్టాడో మేడమ్‌కి ముక్క అర్థం కాలేదు గానీ అక్షరం పొల్లు పోకుండా రాసింది. బుధవారం రసాయనశాస్త్రం, ఇద్దరు ఆడవాళ్లు. "చూశారా!" అంటూ వచ్చిన ప్రతివాళ్లకీ తానే గెలిచినంత సంబరంగా చూపించింది. గురువారం సాహిత్యం, ఎక్కడో దూరదేశపు ముసలావిడ. ఫొటో అంటిస్తుండగానే ఒక విలేకరి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆవిడ నవల మన భాషలోకి ఒక్కటే వచ్చిందట. ఊళ్లో మీ దగ్గరే ఉందట కదా?"

"లేకేం! కెమెరా తెచ్చుకోండి," అని దర్జాగా అరల వైపు నడిచింది.

అక్కడ పుస్తకం లేదు. రిజిస్టర్లు తిరగేస్తే, తీసేసిన పుస్తకాల జాబితాలో కనబడింది. ఐదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాన్ని తీసేయాలన్నది అక్కడి నియమం. అట్ట లోపలి కాగితం మీద తేదీ ముద్ర లేదా, ఇక బయటికే. కిందటేడు చిత్తు కాగితాల లారీకెక్కిన వాటిలో అదీ ఒకటి. పక్కన సంతకం తనదే. పోనీలే, ఎవరూ చదవని పుస్తకమే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటుంటే టైలరు బాబాయ్ వచ్చాడు.

ఆయనకి వీధి చివర బట్టలు కుట్టే కొట్టు. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి, కొళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, కిటికీ పక్కన కూర్చుని అరగంట చదువుకునేవాడు. ఇంటికి తీసుకెళ్లొచ్చుగా బాబాయ్ అంటే, "మిషను నూనె చేతులమ్మా. మరక పడిందంటే నా ప్రాణం ఉసూరుమంటుంది," అనేవాడు. ఏడాది కిందట ఒకరోజు, "నేను చదివే పుస్తకం కనబడట్లేదమ్మా," అన్నాడు. "ఎవరో తీసుకెళ్లుంటారు, వస్తుందిలే," అంది మేడమ్ తలైనా ఎత్తకుండా. ఏ పుస్తకం అని అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? ఆనాటి నుంచి రోజూ ఆయన "వచ్చిందా?" అనడం, ఈవిడ "రాలేదు" అనడం. ఆవిడకి అదొక పలకరింపు అయిపోయింది.

ఆ గురువారం బాబాయ్ బోర్డుకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, వాసన చూస్తున్నావా?"

"ఈవిడేనమ్మా, నా పుస్తకం రాసింది! పడవ నడిపే ఆడమనిషి తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ నది వెంట పోతుంది చూడూ, అది. సగంలో ఆగిపోయింది. వాడు దొరికాడో లేదో!" పకపకా నవ్వాడు. "ఇంత గొప్పదా! అందుకే ఆ తీసుకెళ్లిన మహానుభావుడు తిరిగివ్వట్లేదు."

మేడమ్ నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. "వచ్చేస్తుందిలే బాబాయ్, త్వరలోనే," అంది. ఆ మాటకి ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

విలేకరికి ఏదో సాకు చెప్పి, ఆ రోజే కొత్త ప్రతి కోసం ప్రచురణకర్తలకి ఉత్తరం రాసింది. బహుమతి రాగానే జనం ఆ పుస్తకం కోసం ఎగబడ్డారు, మళ్లీ అచ్చయి చేతికందేసరికి ఐదు నెలలు పట్టింది. ఈలోగా బాబాయ్ రావడం మానేశాడు. పార్సిలు విప్పీ విప్పగానే మేడమ్ కొట్టుకి పరుగెత్తింది.

మిషను మీద కోడలు కూర్చుని ఉంది. బాబాయ్ గోడవార కుర్చీలో కూర్చుని, చేత్తో తడుముతూ పెద్ద గుండీలు ఒక డబ్బాలో, చిన్నవి ఇంకో డబ్బాలో వేస్తున్నాడు. మేడమ్ ఎదురుగా నిలబడ్డా, "ఎవరూ?" అన్నాడు.

"నేను బాబాయ్, లైబ్రరీ... కళ్లకేమైంది?"

"పాత జబ్బేనమ్మా. ఏడాదో ఏడాదిన్నరో ఉంటుంది చూపు, చూడాల్సినవన్నీ చూసుకో అని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నాకేముంటాయి చూడ్డానికి? ఆ పుస్తకం పూర్తయితే చాలనుకున్నా. అందుకే రోజూ వచ్చి నీ ప్రాణం తీసేవాణ్ణి."

మేడమ్ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఇంక దాచలేకపోయింది. "దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదు బాబాయ్. ముద్ర లేదని నేనే తీయించేశాను. చిత్తు కాగితాల్లో పోయింది. ఇది కొత్తది. రోజూ వచ్చి చదివి వినిపిస్తాను," అంది.

కోడలు మిషను ఆపింది. బాబాయ్ ఆవిడ చేతిలోని పుస్తకం అట్టని తడిమి చూసుకున్నాడు.

"అడిగిన రోజే లేదని చెప్పుంటే, ఇంకో ఊళ్లో వెతుక్కునేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

కోపంగా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంది మేడమ్.