తెల్ల గులాబీకి ఎర్రమన్ను

నర్సరీలో తెల్ల గులాబీ మొక్క కనిపించగానే, దుమ్ము లేకపోయినా దాని ఆకును కొంగుతో తుడిచాను.

చిన్నప్పుడు బళ్ళారి దగ్గర మా ఇల్లు గనుల నుంచి ఇనుపరాయి మోసే లారీలు తిరిగే దారిలో ఉండేది. వాటి ఎర్రదుమ్ము అన్నిటిమీదా పేరుకునేది. వాకిట్లో గులాబీ పువ్వు ఎరుపే అనుకునేదాన్ని. ఒకరోజు వాన పడి, పువ్వు తెల్లగా బయటపడింది. చెట్టుకు జబ్బు చేసిందని భయపడి, గుప్పెడు ఎర్రమన్ను తెచ్చి రేకులకు పూశాను.

అవ్వ చూసింది కానీ తిట్టలేదు. తడిగుడ్డతో ఒక్కొక్క రేకూ తుడిచింది.

"దీని రంగే తెలుపు పాపా. ఇంక రోజూ కడగాల."

"మళ్ళా లారీలొస్తాయి కదవ్వా?"

"వస్తే రానీ. మళ్ళా కడుగుదాం. నీళ్ళు తేపో."

లారీలు ఆగిపోయేదాకా, ఏళ్ళ తరబడి, బడికి పోయేముందు చెంబుతో నీళ్ళు మోశాను. సాయంత్రానికల్లా పువ్వు ఎర్రబడేది. అవ్వ మాత్రం ఒక్కరోజూ దాన్ని ఎర్ర గులాబీ అనలేదు.