నా కథ కొన్న స్వరూప

కరోనా తగ్గి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు మళ్ళీ కిటకిటలాడిన ఏడాది నేనొక ఘనమైన నిర్ణయం తీసుకున్నాను. ఎవరు ఏ కష్టంతో వచ్చినా నా కథే చెప్పాలని! సర్కారు కొలువు పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పినవాళ్ళు ఆ వీధి నిండా ఉంటారు. ఆ తప్పడాన్ని నెలజీతానికి అమ్ముకున్న మొనగాణ్ణి మాత్రం నేనే.

నా ఉద్యోగం మెంటర్. పాఠం చెప్పను, చదివేవాళ్ళు డీలా పడితే కూర్చోబెట్టి మాట్లాడతాను. మా నాన్నది ఎల్బీనగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెకు సొట్ట ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. నా కథనూ అలాగే పేర్చాను: పరీక్ష తప్పాను, దుకాణంలో కూర్చున్నాను, బాగుపడ్డాను.

స్వరూపది పెద్ద అంబర్‌పేట్ అవతల ఊరు. ఇక్కడ లేడీస్ హాస్టల్లో ఉండేది. కటాఫ్, అంటే ఎంపికకు కావలసిన కనీస మార్కుల దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి రాయాలా, మానేయాలా అని అడగడానికి వచ్చింది.

“నా రూమోళ్ళందరు కొలువులొచ్చి పోయిన్రు సార్. కొత్త పిల్లలు అక్క అని గూడ అంటలేరు, ఆంటీ అంటున్రు. మెస్సుల ఒక్కదాన్నే తింట.”

“నేను గూడ మానేసినోణ్ణే అమ్మా. చూడు, ఎట్లున్న?”

“మీకు దుకాణముండె సార్.”

“నీకూ ఏదో ఒకటి దొరుకుతది.”

ఆమె లేచింది. బేరం కుదరక లేచిన గిరాకీని మెట్లు దిగేదాకా పిలవకూడదన్నది మా దుకాణం పద్ధతి. ముందే పిలిస్తే బేరం పలచనవుతుంది. తనే వెనక్కి తిరుగుతుందని చూస్తూ కూర్చున్నాను. నేను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి బస్టాపు జనంలో కలిసిపోయింది. మళ్ళీ క్లాసుకు రాలేదు.

కొన్ని నెలల తర్వాత మా ఆవిడతో ఎల్బీనగర్‌లో ఒక చీరల షోరూముకు వెళ్ళి, అలవాటుగా బేరం మొదలుపెట్టాను.

“ఫిక్స్‌డ్ రేటు సార్,” అంది కౌంటర్ వెనక నుంచి స్వరూప.

“పరీక్ష?” అన్నాను.

“ఫీజు కట్టే తారీఖు దాటిపోయింది. దుకాణంల బాగుపడ్తరని మీరే అంటిరి గద!” అని నవ్వింది. “మీరేమో గల్లా ముందట కూసుంటిరి. గీడ కూసునుడే ఉండదు.”

మా ఆవిడ చీర రంగు చూసుకోవడానికి వెలుతురులోకి వెళ్ళింది. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని ముక్క. దుకాణంలో కూర్చున్న మొదట్లో, నాతో చదివినవాళ్ళు మా దుకాణం వైపు వస్తే నేను వెనక గోదాములోకి పోయేవాణ్ణి. వాళ్ళు వెళ్ళిపోయేదాకా చీకట్లో డబ్బాల మధ్య నిలబడేవాణ్ణి.

చీరలు మడతపెడుతున్న స్వరూప చేతులు ఆగాయి.

“గా ముచ్చట గప్పుడే చెప్పకపోతిరా సార్! నేనొక్కదాన్నే గిట్లున్ననుకున్న.”

ఇంకో గిరాకీ పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ‘మానేస్తే ఎక్కడికి పోతవ్?’ అని అడుగుతాను. ఆ తర్వాతే నా కథ, గోదాముతో సహా.

మరుసటి పరీక్షకు నోటిఫికేషన్ రాగానే స్వరూపకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇక లెక్క చూస్తే, పని నేర్చుకున్నది నేను, దానికి ఖర్చయింది ఆమె పరీక్ష. చెల్లుకు చెల్లు అనడానికి నా దగ్గర ఏమీ లేదు.